తెరిస్తే తెరుచుకోవాలి

ఇంట్లో పోగుపడిన ఫొటోలు, పాటలు, వీడియోలు పోయే దారులు అందరికీ తెలిసినవి రెండు. డిస్కు పాడైపోతుంది, లేదా ఎవరో చెరిపేస్తారు. మూడో దారి ఒకటుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. డిస్కు నిక్షేపంలా ఉంటుంది, ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. ఫోల్డరు మీద నొక్కగానే మాత్రం తెల్లటి ఖాళీ కిటికీ వస్తుంది, చక్రం తిరుగుతూ కూర్చుంటుంది. తర్వాత చూద్దాంలే అని మూసేస్తాం. ఇంకోసారీ అంతే అయితే ఇక ఆ ఫోల్డరు జోలికి వెళ్లం. కొన్నేళ్లకు అందులో ఏముందో కూడా మర్చిపోతాం. లైనక్సు మీద వేగంగా పనిచేసే ఫైల్ మేనేజర్ని వెతుక్కోవడం ఈ మూడో నష్టాన్ని ఆపడానికేనని నా నమ్మకం. రోజూ కళ్లెదురుగా ఉండి కూడా ఎవరూ పట్టించుకోని ఈ ప్రోగ్రాం గురించి ఇంత పట్టింపుగా రాయడానికి కారణం అదే.

పెద్ద సేకరణ అంటే ఏ స్టూడియోదో, టీవీ చానెల్‌దో కానక్కర్లేదు. మామూలు ఇల్లు చాలు. ఫోన్ మారినప్పుడల్లా పాతదాంట్లో ఉన్నదంతా గంపగుత్తగా డిస్కులోకి దించేస్తాం. వాట్సాప్ ఫొటోల ఫోల్డరు ఒక్కటే తీసుకున్నా, ఐఎంజీ అని మొదలై, మధ్యలో తేదీ వచ్చి, డబ్ల్యూఏ పక్కన నాలుగంకెల వరస సంఖ్యతో ముగిసే పేర్లు వేలల్లో ఉంటాయి. అందులో శుభోదయం బొమ్మలు ఎన్నో, పెదనాన్న ఆఖరి దీపావళి ఫొటో ఎక్కడుందో పేరు చూసి చెప్పలేం. కెమెరాలది ఇంకో తీరు. కెమెరా కంపెనీలన్నీ పాటించే ప్రమాణం ప్రకారం ఫొటో సంఖ్య 0001 నుంచి 9999 దాకా వెళ్తుంది, ఆపైన మళ్లీ మొదటికే. అందుకే ఒకే పేరున్న ఫొటోలు రెండు మూడు ఉండటం మామూలు.

నా దగ్గర వీటికి తోడు నాన్న దాచుకున్న క్యాసెట్లున్నాయి. హరికథలు, బుర్రకథలు, రేడియోలో వచ్చిన నాటకాలు, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేయించిన పాత తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి ముందుండి నడిపించిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టు ఫలం అది. ఆ స్కాన్లలో పేజీకో బొమ్మ. మూడు వందల పేజీల పుస్తకమంటే మూడు వందల ఫైళ్లు, యాభై పుస్తకాలంటే పదిహేను వేలు. వీటన్నిటినీ ఒక్క చోట పెట్టుకుని, కావలసినప్పుడు కావలసింది తీయగలగాలి. నా అవసరం అంతే, కానీ అది చిన్న అవసరం కాదు.

లైనక్సులో ఈ పనికి డజనుకు పైగా ప్రోగ్రాములున్నాయి. ఒక్కోదాని వెనకా ఒక్కో మనిషి పట్టుదల కనబడుతుంది, నాకు అది ఇష్టం. మొదటి మెకింతోష్ సాఫ్ట్‌వేర్ రాసిన బృందంలోని ఆండీ హెర్జ్‌ఫెల్డ్, మరికొందరితో కలిసి 1999లో ఈజెల్ అనే కంపెనీ పెట్టారు. వాళ్లు రాసిన నాటిలస్ 1.0 వెర్షన్ 2001 మార్చిలో వచ్చింది, మే నెలకల్లా కంపెనీ మూతపడింది. ప్రోగ్రాం మాత్రం బతికింది, గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఫైల్స్ అనే పేరుతో ఈనాటికీ ఉంది. కేడీఈ అనే ఇంకో డెస్క్‌టాప్ వాళ్లకు కాంకరర్ ఉండేది, వెబ్ బ్రౌజరూ అదే, ఫైల్ మేనేజరూ అదే. పీటర్ పెంజ్ 2006లో డాల్ఫిన్ మొదలుపెట్టారు, ఫైళ్ల పని తప్ప ఇంకేదీ చేయని ప్రోగ్రాం. 2008 జనవరిలో కేడీఈ 4 వచ్చేసరికి అదే ముఖ్యమైన ఫైల్ మేనేజర్ అయింది. బెనెడిక్ట్ మ్యూరర్ రాసిన థునార్ 2007 జనవరిలో మరో డెస్క్‌టాప్ అయిన ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.4తో వచ్చింది. తైవాన్‌లో వైద్యుడైన హాంగ్ జెన్ యీ పాత కంప్యూటర్ల మీద కూడా తేలిగ్గా నడిచేలా పీసీమ్యాన్‌ఎఫ్‌ఎం రాశారు. 2012లో నాటిలస్ 3.6లో రెండు పలకల వీక్షణాన్ని, కుదించిన జాబితాను తీసేస్తే, లైనక్స్ మింట్ వాళ్లు ఒప్పుకోలేదు. అంతకు ముందటి 3.4ను తీసుకుని నీమో అని తమ దారి తాము చూసుకున్నారు.

పైకి ఇవన్నీ ఒకేలా ఉంటాయి. ఎడమవైపు డిస్కుల పేర్లు, కుడివైపు ఫైళ్లు. తేడా ఎక్కడుందంటే, మనం అడక్కముందే ఎంత చెప్పాలన్న దగ్గర. చీరల కొట్లో ఒక గుమాస్తా మనం కూర్చోగానే బీరువాలన్నీ తెరిచి మడతలన్నీ విప్పి ముందు గుట్ట పోస్తాడు. ఇంకొకాయన రంగు, ధర అడిగి నాలుగు చీరలు తెస్తాడు. వేగం రెండో ఆయన దగ్గరుంటుంది. ఫైల్ మేనేజర్ల వేగమూ ముప్పాతిక వంతు ఈ స్వభావం మీదే ఆధారపడుతుంది. వాటిని ఏ భాషలో రాశారు, మెమరీ ఎంత తింటాయి అన్నవి తర్వాతి మాటలు.

ఫోల్డరు తెరిచినప్పుడు లోపల ఏం జరుగుతుందో కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే అసలు సంగతంతా అక్కడే ఉంది. మొదట ఆ ఫోల్డరులోని పేర్ల జాబితా వస్తుంది. ఇది తేలిక పని, ఇరవై వేల పేర్లయినా చిటికెలో వచ్చేస్తాయి. తర్వాత ఒక్కో ఫైలు సైజెంత, తేదీ ఏమిటి అని విడివిడిగా అడగాలి. ఆ వివరాలు పేరుతో పాటు ఉండవు, డిస్కులో వేరేచోట ఐనోడ్లలో ఉంటాయి. లైనక్సులో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్4 పద్ధతిలో పేర్లు అక్షర క్రమంలోనూ రావు, డిస్కు మీద ఉన్న క్రమంలోనూ రావు, హ్యాష్ క్రమంలో వస్తాయి. ఒక్కో ఐనోడ్ 256 బైట్లు, 4096 బైట్ల బ్లాకులో పదహారు పడతాయి. పక్కపక్కనున్న పదహారింటినీ ఒక్క చదువులో తెచ్చుకోవచ్చు. పేర్లు వచ్చిన వరసలోనే అడుగుతూ పోయే ప్రోగ్రాం మాత్రం డిస్కు ముల్లును ఆ మూలకూ ఈ మూలకూ పరిగెత్తిస్తుంది.

నిమిషానికి 5400 సార్లు తిరిగే మామూలు ఎక్స్‌టర్నల్ డిస్కులో అర చుట్టుకే అయిదున్నర మిల్లీసెకన్లు పడుతుంది. ముల్లు జరిగే సమయం కూడా కలిపితే ఒక్కో చోటికి పది పదిహేను మిల్లీసెకన్లు. ఇరవై వేల ఫైళ్లు ఒక్కోదాన్నీ తెరిచి చూడాలనుకుంటే, ఒక్క బైటు చదవకముందే మూడు నుంచి అయిదు నిమిషాలు ముల్లు తిరుగుళ్లకే చెల్లు. ఎస్‌ఎస్‌డీలో ముల్లూ లేదు, చుట్టూ లేదు, అందుకే దాని మీద అన్ని ఫైల్ మేనేజర్లూ వేగంగానే కనిపిస్తాయి. కానీ నాలుగైదు టెరాబైట్ల ఇంటి సేకరణను ఎస్‌ఎస్‌డీలో పెట్టుకునే స్తోమత ఎందరికుంది? మనలో ఎక్కువ మందిది తిరిగే డిస్కే.

వివరాల తర్వాత ఫైలు రకం. పేరు చివర జేపీజీ అని ఉంటే అది బొమ్మ అని నమ్మేయడం ఒక పద్ధతి. ఫైలు తెరిచి మొదటి బైట్లు చూసి నిర్ధారించుకోవడం ఇంకో పద్ధతి. రెండోది నిక్కచ్చి, కానీ ఖరీదు. ఆ తర్వాత లోపలి ఫోల్డర్లు. ఒక్కోదాంట్లో ఎన్ని ఫైళ్లున్నాయో లెక్కపెట్టి చూపించాలనుకుంటే ప్రతి ఫోల్డర్లోకీ తొంగి చూడాలి. డాల్ఫిన్‌లో, నాటిలస్‌లో ఈ లెక్కను ఆపేసే వీలుంది. పెద్ద డిస్కు వాడేవాళ్లు మొట్టమొదట ఆపేయవలసింది దీన్నే. వేరే కంప్యూటర్లోని డిస్కును నెట్‌వర్కు మీద చూసేవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడ ప్రతి ప్రశ్నకూ పోనూ రానూ ప్రయాణం తప్పదు.

ఏది వేగమైనదో పోల్చి చూసేటప్పుడు మనల్ని మోసం చేసేది ఒకటుంది. ఒకసారి చదివిన వివరాలను లైనక్సు గుండెకాయ అయిన కర్నెల్ మెమరీలో దాచుకుంటుంది. అందుకని ముందు నాటిలస్‌తో ఒక ఫోల్డరు తెరిచి, వెంటనే దాన్నే థునార్‌తో తెరిస్తే, థునార్ రెప్పపాటులో తెరుచుకుంటుంది. ఆ ఘనతలో సగం నాటిలస్ పడ్డ కష్టానిది. న్యాయంగా పోల్చాలంటే మధ్యలో ఆ జ్ఞాపకాన్ని ఖాళీ చేయాలి. రూట్ అధికారంతో డ్రాప్ క్యాషెస్ అనే చోట 3 రాస్తే అది ఖాళీ అవుతుంది. అంత దూరం వద్దనుకుంటే కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టినా చాలు. ఫలానాది మెరుపు వేగం అని ఎవరైనా అంటే, ఎన్నోసారి తెరిచినప్పుడు అని అడగాలి. నాకు లెక్క మొదటిసారే. పండక్కి చుట్టాలొచ్చినప్పుడు డిస్కు తగిలించి ఫొటోలు చూపించేది మొదటిసారే కదా.

ఇక థంబ్‌నెయిళ్లు. మీడియా సేకరణకు ప్రాణం వీటిలోనే ఉంది, ఆలస్యానికి మూలమూ ఇవే. ఒక 24 మెగాపిక్సెళ్ల ఫొటో డిస్కులో ఎనిమిది మెగాబైట్లుంటే, విప్పితే 72 మెగాబైట్లవుతుంది. దాన్ని కుదించి గోరంత బొమ్మ చేయాలి. వీడియో అయితే లోపలికి కొంత దూరం వెళ్లి ఒక దృశ్యం పట్టుకోవాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ థంబ్‌నెయిలర్ అనే సాధనం మామూలుగా పదో వంతు దగ్గర ఆగి అక్కడి దృశ్యం తీస్తుంది, మొదట్లో వచ్చే నల్లటి తెర పడకుండా. ఇంత కష్టపడి తీసిన చిన్నబొమ్మను పారేయకుండా మన హోమ్‌లో దాగి ఉన్న క్యాష్ ఫోల్డర్లో దాచుకుంటాయి. లైనక్సు డెస్క్‌టాప్‌లన్నీ దీనికి ఉమ్మడి ప్రమాణం పెట్టుకున్నాయి. 128 పిక్సెళ్ల బొమ్మలు ఒకచోట, 256వి ఒకచోట, ఇంకా పెద్దవి వేరే చోట. ఒకరు తీసిన బొమ్మను ఇంకొకరు వాడుకోవచ్చు. పోటీపడే ప్రోగ్రాములు కూర్చుని ఇలా ఒక ఒప్పందానికి రావడం నాకెంతో గౌరవంగా అనిపిస్తుంది.

ఆ ఒప్పందంలో ఒక కిటుకుంది, అది తెలియక చాలామంది ఇబ్బంది పడతారు. దాచిన చిన్నబొమ్మకు పేరు పెట్టేది ఫైలు చిరునామాను బట్టి. పూర్తి చిరునామాను ఎండీ5 అనే లెక్కలో వేస్తే వచ్చే 32 అక్షరాల గుర్తే దాని పేరు. ఫోల్డరు పేరు మార్చినా, డిస్కును ఇంకో చోట తగిలించినా చిరునామా మారిపోతుంది. లోపలి ఫొటోలు అవే అయినా ఆ చిన్నబొమ్మలు ఇక దొరకవు, అన్నీ మళ్లీ తీయాలి. "పెళ్లి" అన్న ఫోల్డరును "పెళ్లి 2019" అని మార్చామంటే నలభై గిగాబైట్లు మళ్లీ చదివించినట్టే. అందుకే ఎక్స్‌టర్నల్ డిస్కుకు ముందే ఒక లేబుల్ పెట్టుకోవాలి. లేబుల్ ఉంటే తగిలించిన ప్రతిసారీ అదే పేరుతో అదే చోట తెరుచుకుంటుంది. ఫోల్డర్ల పేర్లూ బొమ్మలు నింపకముందే ఆలోచించి పెట్టుకోవాలి. నేను చూసినంతలో ఫైల్ మేనేజర్ మార్చడం కన్నా ఈ ఒక్క అలవాటు వల్లే ఎక్కువ వేగం వస్తుంది.

వేగం దేనికో నాకు బాగా అర్థమైంది మా పిన్ని కూతురి పెళ్లి ఫొటోల దగ్గర. పెళ్లయిన రెండు నెలలకు ఫొటోగ్రాఫర్ డిస్కు చేతిలో పెట్టి, కరిజ్మా ఆల్బమ్‌కి మూడొందలు సెలెక్ట్ చేసి నంబర్లు పంపండి అన్నాడు. రెండు కెమెరాలు, అయిదు వేల పైచిలుకు ఫొటోలు. లాప్‌టాప్‌ను టీవీకి తగిలించి అందరం హాల్లో కూర్చున్నాం. అమ్మ, పిన్ని, బాబాయి, నానమ్మ, మధ్యాహ్నం పడుకోవాల్సిన పిల్లలు. లాప్‌టాప్‌లో మొదట్నుంచీ ఉన్న ఫైల్ మేనేజర్తోనే తెరిస్తే చిన్నబొమ్మలు వరసగా ఒకటొకటే నింపుకుంటూ వస్తోంది. నలభై గిగాబైట్లు, ఆ డిస్కు సెకనుకు వంద మెగాబైట్లు చదివినా ఏడు నిమిషాల పని. జీలకర్ర బెల్లం దగ్గరి ఫొటోలు కావాలని కిందికి జరిపితే అక్కడ అన్నీ బూడిదరంగు చతురస్రాలే. బాబాయి పేపరు తీశాడు. పిన్ని కాఫీ పెడతానని లేచింది.

అప్పుడు ఫైల్ మేనేజర్లో చిన్నబొమ్మలన్నీ ఆపేసి, అదే ఫోల్డరును గీకీ అనే బొమ్మల ప్రోగ్రాంతో తెరిచాను. కెమెరా తీసే ప్రతి జేపీజీ ఫైలు మొదట్లోనే, 64 కిలోబైట్లు దాటని ఒక భాగంలో, 160కి 120 పిక్సెళ్ల చిన్నబొమ్మను కెమెరాయే రాసి పెడుతుంది. గీకీకి చెబితే అదే తీసుకుని చూపిస్తుంది, ఎనిమిది మెగాబైట్లూ చదవక్కర్లేదు. ఒక ఫొటో తెర మీద ఉండగానే తర్వాతిది చదివి సిద్ధం చేసుకుంటుంది కూడా. బాణం నొక్కితే ఫొటో వచ్చేస్తోంది. హాలంతా ఒక్కసారి మారిపోయింది. "ఒరేయ్, వెనక్కి తియ్యి, మధుపర్కాల్లో ఉన్నది ఇంకోటుంది" అని పిన్ని. తలంబ్రాల వరసలో పెళ్లికొడుకు కళ్లు మూసుకున్న నాలుగింటినీ పక్కన పడేసి అయిదోది నానమ్మే ఎంచింది. అప్పగింతల ఫొటో వచ్చినప్పుడు ఎవరూ మాట్లాడలేదు, కాసేపు అక్కడే ఉంచాను.

రెండు కెమెరాల్లోనూ అవే సంఖ్యలుండటంతో డీఎస్‌సీ 4521 అని రాస్తే సరిపోలేదు, ఏ ఫోల్డర్లోదో కూడా పక్కన రాయవలసి వచ్చింది. ఎంచినవాటిని వేరే ఫోల్డర్లోకి తీయడానికి మళ్లీ ఫైల్ మేనేజరే. కిటికీని రెండు పలకలుగా చీల్చి, ఎడమనుంచి కుడికి.

చూసే పనినీ, సర్దే పనినీ విడదీయాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను. ఫైల్ మేనేజర్ చేత ఫొటోలు చూపించాలనుకోవడం వల్లే అది నెమ్మదిస్తుంది. సర్దడం, పేర్లు మార్చడం, వెతకడం, కాపీ చేయడం దాని పని. చూడటానికి గీకీ, జీథంబ్ లాంటివి ఉన్నాయి. ఏళ్ల తరబడి ఫొటోలకు పేర్లూ ఊళ్లూ రాసి పెట్టుకునేవాళ్లకు డిజికామ్ ఉంది. ఇలా విడదీసుకున్నాక ఫైల్ మేనేజర్ని ఎంచుకోవడం చాలా తేలికైంది.

ఇంకొక్క విషయం చూడాలి. ఇరవై వేల పేర్లు చేతికొచ్చాక వాటిని తెర మీద గీయడం ఎలా? తెర మీద ఒకసారికి పట్టేవి యాభయ్యో వందో. కనబడేవాటికి మాత్రమే గళ్లు తయారుచేసి, కిందికి జరిపేకొద్దీ అవే గళ్లలో కొత్త పేర్లు నింపుకుంటూ పోతే పని తేలిక. అన్నిటికీ ముందే గళ్లు కట్టుకుంటూ కూర్చుంటే ఫోల్డరు పెద్దదయ్యేకొద్దీ మొరాయిస్తుంది. డాల్ఫిన్ 2012 జనవరిలో కేడీఈ 4.8తో వచ్చినప్పుడు ఈ భాగాన్ని పూర్తిగా తిరగరాశారు. నాటిలస్‌కు ఆ అవకాశం, కిటికీలూ గళ్లూ గీయడానికి అది వాడే లైబ్రరీ జీటీకే 4 వచ్చాక దొరికింది, 2022 సెప్టెంబరు నాటి 43వ వెర్షన్‌తో దానికి మారింది. నాటిలస్ నత్తనడక అని ఆనాటి అనుభవంతో ఇప్పటికీ అనేవాళ్లు కొత్తదాన్ని ఒకసారి వాడి చూడాలి.

నేను డాల్ఫిన్ దగ్గర స్థిరపడ్డాను. చిన్నబొమ్మలను టూల్‌బార్‌లో ఒక్క బటన్‌తో వేసుకోవచ్చు, ఆపుకోవచ్చు. ఏ ఫోల్డరుకు ఏ తీరు కావాలో విడివిడిగా గుర్తుపెట్టుకోమనవచ్చు. అంటే ఈ ఏడాది ఫొటోలకు బొమ్మలు, వాట్సాప్ గుట్టకు ఉత్త పేర్ల జాబితా. కంట్రోల్ ఐ నొక్కితే కింద ఒక గడి వస్తుంది, అందులో 201901 అని కొడితే పాతిక వేల ఫైళ్లలోంచి 2019 జనవరివి మాత్రమే మిగులుతాయి. పెద్ద ఫోల్డర్లో చక్రం తిప్పుకుంటూ కిందికి పోవడం కన్నా ఈ వడపోత వెయ్యి రెట్లు నయం. ఎఫ్3తో రెండు పలకలు. ఎఫ్11తో పక్కన ఒక పలక తెరుచుకుని, వేలు పెట్టిన ఒక్క ఫైలు బొమ్మే చూపిస్తుంది. నేను అడిగిందే, అడిగినప్పుడే.

నాలుగు గిగాబైట్ల మెమరీ ఉన్న పాత లాప్‌టాప్‌కైతే పీసీమ్యాన్‌ఎఫ్‌ఎం క్యూటీ రూపాన్ని పెడతాను. సదుపాయాలు తక్కువ, కానీ తిరిగే డిస్కు మీద నిబ్బరంగా పనిచేస్తుంది. థునార్ మొదట్నుంచీ పొందికైనది. ఒక్కసారే వందల ఫైళ్ల పేర్లు మార్చే దాని కిటికీకి సాటి నాకింతవరకూ కనబడలేదు. 2022 డిసెంబరులో ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.18తో దానికి రెండు పలకలూ, లోపలి ఫోల్డర్లలో కూడా వెతకడమూ వచ్చాయి. దాంతో దాన్ని కాదనడానికి నాకున్న కారణాల్లో చాలావరకు పోయాయి. బొమ్మలే లేకుండా టెర్మినల్లో అక్షరాలతో పని కానిచ్చేవాళ్ల వేగం వేరు, వాళ్లకు ఈ బెంగలేవీ లేవు. కానీ ఇంట్లో అమ్మ కూడా తెరవగలిగేదే నాకు కావాలి.

కాపీ చేసేటప్పటి వేగం గురించి కూడా ఒక మాట. పెన్‌డ్రైవ్‌లోకి మూడు గిగాబైట్ల వీడియో వేస్తే పది సెకన్లలో పట్టీ నిండిపోతుంది, అయిపోయిందంటుంది. నిజానికి అది వెళ్లింది మెమరీలోకి. రాయాల్సింది కొంత పోగయ్యాక గానీ ప్రోగ్రాములను ఆపకూడదని కర్నెల్ నియమం, ఆ పరిమితి మామూలుగా అందుబాటులో ఉన్న మెమరీలో ఇరవై శాతం. మెమరీ ఎక్కువున్న కంప్యూటర్లో ఆ ఇరవై శాతమే గిగాబైట్లవుతుంది. అసలు రాత ఆ తర్వాత తాపీగా సాగుతుంటుంది. ఊరికి బయల్దేరే బాబాయి చేతికి పెన్‌డ్రైవ్ పీకి ఇచ్చేస్తే అక్కడ వీడియో సగంలో ఆగిపోతుంది. ఎజెక్ట్ నొక్కి, తీయవచ్చు అనే మాట వచ్చేదాకా ఆగి తీరాలి. ఈ ఒక్కచోట వేగం కన్నా నిజాయితీ కావాలి నాకు. రాసింది ఎంత, ఇంకా రాయవలసింది ఎంత అని ఉన్నదున్నట్టు చెప్పే పట్టీ ఉండాలి.

తెలుగు పేర్లు పెట్టుకునేవాళ్లకు ఇంకో చిక్కుంది. ఎక్స్‌ట్4లో ఒక ఫైలు పేరు 255 బైట్లకు మించకూడదు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు. తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు. "శ్రీ" అని రాస్తే శకారం, పొల్లు, రకారం, దీర్ఘం, మొత్తం పన్నెండు బైట్లు. "అన్నమాచార్య సంకీర్తనలు" అన్న రెండు మాటలకే 64 బైట్లు, అంటే అనుమతిలో పావు వంతు. రోమన్ లిపిలో అయితే 27తో అయిపోతుంది. విండోస్ డిస్కుల్లో వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతుల్లో లెక్క వేరు. అక్కడ మన అక్షరాలనూ గుర్తులనూ ఒక్కొక్కటిగా లెక్కేసి 255 దాకా అనుమతిస్తాయి. అందుకని హరికథ పేరు, భాగవతార్ గారి పేరు, ఊరు, ఉత్సవం అన్నీ కలిపి పొడుగ్గా పెట్టిన ఫైలు పెన్‌డ్రైవ్‌లో హాయిగా ఉంటుంది. దాన్నే లైనక్సు డిస్కులోకి వేయబోతే పేరు మరీ పొడుగని తిరస్కరిస్తుంది. వందల ఫైళ్ల కాపీ మధ్యలో ఇది జరిగినప్పుడు, మిగతావి కానిచ్చి ఏది ఆగిందో పేరుతో సహా చెప్పే ఫైల్ మేనేజరే పనికొస్తుంది.

నేను తేదీ ముందు పెట్టి, తెలుగులో మూడు నాలుగు మాటలకు మించకుండా పేరు రాస్తాను. పూర్తి వివరం ఆడియో ఫైలు లోపలి ట్యాగులో రాస్తాను, అక్కడ ఈ 255 గొడవ లేదు. వెతకడానికి అక్షరాలు ఒక్కలాగే ఉండాలి కాబట్టి రోమన్ లిపి మానేశాను. ఘంటసాల గారి పేరునే రోమన్‌లో నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు, ఒకదాంతో వెతికితే మిగతా మూడూ దొరకవు. తెలుగులో ఆ బాధ లేదు.

అయితే తెలుగులో ఇంకో బాధ ఉంది. "ఫైల్‌లో", "నవంబర్‌లో" లాంటి మాటల్లో పొల్లు తర్వాతి అక్షరానికి ఒత్తుగా మారకుండా కీబోర్డు ఒక కనబడని గుర్తు పెడుతుంది. దానికీ మూడు బైట్లే. ఫోన్లో టైపు చేసిన పేరులో ఆ గుర్తు ఒకచోట ఉంటుంది, కంప్యూటర్లో చేసినదాంట్లో ఉండకపోవచ్చు, ఇంకో చోట ఉండవచ్చు. మాట చివర్న ఉంటే కంటికి రెండూ అచ్చంగా ఒక్కలాగే ఉంటాయి, వడపోత గడికి మాత్రం వేరు వేరు. నేను వాడిన ఫైల్ మేనేజర్లలో ఏదీ ఆ గుర్తును పట్టించుకోకుండా వెతకదు. ఇంగ్లీషులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడాను వదిలేసి వెతకడం ఇవన్నీ ఎప్పుడో నేర్చుకున్నాయి. ఇదీ అలాంటి చిన్న పనే. ఈ ప్రోగ్రాములన్నిటి కోడూ బయటే ఉంది, తెలుగు తెలిసిన ప్రోగ్రామర్లకు కొదవ లేదు. డాల్ఫిన్ నాకు ఎంత అలవాటైనా, ఇది ఏ ఫైల్ మేనేజర్లో ముందు వస్తే నా హరికథల డిస్కును ఆ రోజు నుంచి దాంతోనే తెరుస్తాను.